అలబామా బొగ్గు, ఇనుము: 1870 తర్వాత అమెరికాలో పరిశ్రమ పెరిగినా జాతి అసమానత ఎందుకు తగ్గలేదు?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. అంతర్యుద్ధం ముగిసిన 1865లో అమెరికాలో సుమారు 35,000 మైళ్ల రైలుమార్గం ఉంటే, 1900 నాటికి అది 1,90,000 మైళ్లు దాటింది. ఉక్కు ఉత్పత్తిలో 1890 నాటికే ఆ దేశం బ్రిటన్‌ను వెనక్కి నెట్టింది. సరిగ్గా ఇదే కాలంలో, బానిసత్వం నుంచి విముక్తులైన సుమారు 40 లక్షల మంది, వారి సంతానం, చేతికందిన హక్కులను ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నారు. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, 1898లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం వచ్చాక, 1900 నాటికి 5,320 మంది మాత్రమే మిగిలారు.

పొలం చుట్టూ అల్లుకున్న హెచ్చుతగ్గులు ఫ్యాక్టరీ వస్తే సడలుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అక్కడ అలా జరగకపోవడానికి పరిశ్రమ దక్షిణాదికి ఆలస్యంగా రావడం కారణమా, లేక వచ్చిన పరిశ్రమే ఆ హెచ్చుతగ్గుల మీద నిలబడిందా? తెలిసినవారు ఏదైనా ఒక ప్రాంతాన్ని తీసుకుని వివరంగా రాస్తే బాగుంటుంది.

పాతపుటలు

కృష్ణాతీరం గారూ, ఒకే ప్రాంతం కావాలంటే అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌ను మించినది లేదు. 1871కి ముందు ఆ పట్టణమే లేదు. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ కొద్ది మైళ్ల దూరంలో దొరకడం వల్ల, రెండు రైలుమార్గాలు కలిసే చోట దాన్ని కొత్తగా కట్టి, ఇంగ్లండులోని ఇనుప నగరం పేరు పెట్టారు. అందువల్ల పాత ప్లాంటేషన్ల అలవాట్లు అక్కడి మట్టిలోనే ఉన్నాయని తప్పించుకోవడానికి వీల్లేదు. అక్కడ వచ్చిన ప్రతి అలవాటూ ఎవరో ఒకరు తెచ్చి పెట్టినదే.

దానికి ముందు చట్టం సంగతి చెప్పాలి. 1865 నాటి పదమూడో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా చేయించే చాకిరీని మినహాయించింది. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే దక్షిణాది శాసనసభలు పనిలేకుండా తిరగడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చాయి. 1877లో ఫెడరల్ సైన్యం దక్షిణాది రాజకీయాల నుంచి తప్పుకున్నాక అడ్డు చెప్పేవారు కరువయ్యారు. మిసిసిపీలో 1876లో వచ్చిన ఒక చట్టం పందిని దొంగిలించడాన్ని కూడా అయిదేళ్ల వరకు జైలు పడే పెద్ద నేరంగా మార్చింది. 1874లో 272గా ఉన్న ఆ రాష్ట్ర ఖైదీల సంఖ్య 1877 చివరికి 1,072కు చేరింది. మూడేళ్లలో జనం నాలుగు రెట్లు దొంగలైపోయారని నమ్మడం కష్టం.

ఇలా పోగైన ఖైదీలను ప్రభుత్వాలు గనులకు, రైలు గుత్తేదార్లకు, ఇటుక బట్టీలకు కిరాయికి ఇచ్చాయి. అలబామాలో ప్రాట్ గనులు 1886లో టెన్నెసీ కోల్, ఐరన్ అండ్ రైల్‌రోడ్ కంపెనీ చేతికి వచ్చాయి. 1888లో రాష్ట్రం తన ఖైదీలను పదేళ్ల ఒప్పందం మీద ఆ కంపెనీకి అప్పగించింది. మనిషి సత్తువను బట్టి నెలకు 9 నుంచి 18.50 డాలర్ల వరకు కిరాయి కట్టారు. ఆ డబ్బు ఖజానాకు పోయేది, ఖైదీకి కాదు. ఖైదీల్లో అత్యధికులు నల్లజాతివారు.

సందేహి

పాతపుటలు గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. నిందను పరిశ్రమ మీద మోపడంలోనే నా అభ్యంతరం. ఆ చట్టాలు చేసినవి శాసనసభలు, శిక్షలు వేసినవి కోర్టులు, పట్టుకున్నది షెరీఫులు (స్థానిక పోలీసు అధికారులు). లాభమే చూసుకునే వ్యాపారికి రంగు భేదం నిజానికి అదనపు ఖర్చు. లూసియానా 1890లో రైళ్లలో వేర్వేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసినప్పుడు, అదనపు పెట్టె లాగవలసి వస్తుందని రైలు కంపెనీలే నొచ్చుకున్నాయి. 1892 జూన్‌లో చట్టం లెక్కలో నల్లజాతివాడైన హోమర్ ప్లెసీ తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయిన సంఘటన, ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి న్యూ ఆర్లీన్స్ పౌరుల సంఘం రైలు కంపెనీకి ముందే చెప్పి ఏర్పాటు చేసుకున్నది. 1896లో సుప్రీంకోర్టు ఆ వ్యత్యాసాన్ని సమర్థించింది. వ్యాపారం దారి ఇవ్వబోతే రాజ్యం అడ్డుపడిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పాతపుటలు

సందేహి గారూ, రైలు పెట్టె ఉదాహరణ సరైనదే. అయితే ఆ కంపెనీ అక్కడ కొనుక్కునేది ఏమీ లేదు, టికెట్లు అమ్ముకునేది మాత్రమే. టికెట్లు అమ్ముకునేవాడికి ప్రయాణికుడి రంగు భేదం ఖర్చు. కూలిని కొనుక్కునేవాడికి కూలివాడి రంగు భేదం రాయితీ. ఒకే రైలు కంపెనీ పెట్టెల విషయంలో ఒకలా, పట్టాలు వేసే కూలీల విషయంలో ఇంకోలా ప్రవర్తించడంలో వైరుధ్యం లేదు.

రాజ్యాన్ని, పరిశ్రమను రెండు వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టడం కూడా అక్కడ కుదరదు. జార్జియాలో గవర్నరుగా, తర్వాత సెనేటరుగా పనిచేసిన జోసెఫ్ బ్రౌన్ తన డేడ్ కౌంటీ (జిల్లా లాంటిది) బొగ్గు గనుల్లో రాష్ట్ర ఖైదీలను పెట్టుకున్నాడు. అట్లాంటా మాజీ మేయరు జేమ్స్ ఇంగ్లిష్ చట్టహూచీ ఇటుకల కంపెనీని ఖైదీలతో నడిపాడు. కిరాయికి ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే బల్ల దగ్గర భోంచేసే మనుషులు.

అరెస్టు జరిగే తీరు కూడా చూడండి. అలబామా కౌంటీల్లో షెరీఫుకు, గుమాస్తాకు చాలా వరకు జీతం కాక రుసుములే ఆదాయం. అరెస్టుకు ఇంత, సాక్షిని పిలిస్తే ఇంత, కాగితం రాస్తే ఇంత. చిన్న నేరానికి కోర్టు వేసిన జరిమానా కొద్ది డాలర్లే అయినా, దాని వెనక ఈ రుసుములన్నీ కలిసి ముద్దాయి నెత్తిన పడేవి. కట్టలేనివాడు కౌంటీ ఖైదీగా గనిలో రోజుల లెక్కన ఆ బాకీ తీర్చాలి. పది రోజుల శిక్ష నెలలకు సాగేది ఇక్కడే. గని ఆ బాకీని కొనుక్కోకపోతే షెరీఫుకు రుసుము వచ్చే దారే లేదు. ఎవరు ఎవరిని నడిపారో మీరే ఆలోచించండి.

ఇల్లెందు కోల్‌ఫిల్లర్

నేను సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లెందులో తవ్వకం మొదలైనదీ ఇంచుమించు ప్రాట్ గనుల ఒప్పందం కాలంలోనే. అమెరికా చరిత్ర మీద నాకు పెద్దగా పట్టు లేదు గాని, మనిషి సత్తువను బట్టి కిరాయి అన్నమాట చదివాక గని లోపలి పని ఎలా ఉంటుందో రాయాలనిపించింది.

యంత్రం లేని రోజుల్లో బొగ్గు పొరను కూలగొట్టాలంటే ముందు అడుగున గాడి కొయ్యాలి. మనిషి పక్కకు ఒరిగి, భుజం నేలకానించి, పిక్కాసుతో పొర కిందికి రెండు మూడడుగులు తొలుచుకుంటూ పోవాలి. నీళ్లు ఊరే గనిలో ఆ పని నీళ్లలోనే. తర్వాత పైన తూటు వేసి, మందు కూరి పేల్చి, రాయి ఏరి, టబ్బులోకి ఎత్తాలి. టన్నుకు ఇంత అని కూలి ఇచ్చే చోట టబ్బు తూగాకే డబ్బు. కప్పుకు దుంగలు నిలబెట్టిన సమయానికి, రాయి ఏరిన సమయానికి పైసా రాదు. అలాంటప్పుడు స్వేచ్ఛగా ఉన్న కూలివాడు కప్పు మంచిది కాదనుకుంటే బయటికి వచ్చేస్తాడు. రోజుకు ఇన్ని టన్నులు తీయాల్సిందేనని, తీయకపోతే కొరడా దెబ్బలని నియమం ఉన్న ఖైదీ బయటికి రాలేడు.

కాబట్టి యజమాని కొన్నది చవక కూలిని మాత్రమే కాదు, రేపు కూడా అదే చోట నిలబడి ఉంటాడన్న పూచీని కూడా. బొగ్గు పొయ్యి ఆరకూడని ఇనుప కొలిమికి ఆ పూచీ విలువ ఎంతో గనిలో పనిచేసినవాడికి తెలుస్తుంది.

సరళాక్షరం

కోల్‌ఫిల్లర్ గారు చెప్పిన పూచీకి ఆధారం ఉంది. టెన్నెసీ కంపెనీ పెద్దల్లో ఒకరైన ఆర్థర్ కోల్యర్, కంపెనీ దగ్గర ఖైదీలు దండిగా ఉన్నారని తెలిస్తే మిగిలిన కూలీలు సమ్మెకు జంకుతారని తాము వేసుకున్న లెక్క సరిపోయిందని బహిరంగంగానే చెప్పాడు. ఖైదీల కిరాయి వల్ల కలిగే అసలు లాభం ఖైదీ తీసిన బొగ్గులో కన్నా, పక్క గనిలోని కూలివాడి భయంలో ఎక్కువ ఉందని దీని అర్థం.

ఈ చర్చలో ఇంతవరకు ఆడవారు కనిపించలేదు. 1890 జనాభా లెక్కల ప్రకారం ఉద్యోగాల్లో ఉన్న నల్లజాతివారిలో పదింట తొమ్మిది మందికి దగ్గరగా వ్యవసాయంలోనో, ఇంటి చాకిరీలోనో ఉన్నారు. ఉక్కు యుగంలో వారి పని పొలం, వంటిల్లు, చాకిరేవు. అయినా ఆ చాకిరేవు కూడా పరిశ్రమకు బయట లేదు. అట్లాంటాలో 1881 జులైలో 20 మంది చాకలి స్త్రీలు ఒక సంఘం పెట్టుకున్నారు. వారు ఇంటింటికీ తిరిగితే కొద్ది వారాల్లోనే ఆ సంఖ్య 3,000కు చేరింది. డజను పౌన్ల బట్టలకు ఒక డాలరు చొప్పున ఇస్తేనే ఉతుకుతామన్నారు. నగరంలో అదే శరదృతువులో అంతర్జాతీయ పత్తి ప్రదర్శన జరగబోతోంది. చవక కూలి, అణకువ గల పనివారు ఉన్నారని చూపించి ఉత్తరాది పెట్టుబడిని పిలవడం ఆ ప్రదర్శన ఉద్దేశం. సరిగ్గా అప్పుడే బట్టలు ఉతికేవారు లేక ఊరి పెద్దలు ఇబ్బంది పడ్డారు. కొందరు స్త్రీలను అరెస్టు చేసి జరిమానాలు వేశారు. చాకలి సంఘం సభ్యులపై 25 డాలర్ల లైసెన్సు రుసుము వేయాలని నగర మండలిలో ప్రతిపాదన వచ్చింది. ఆ స్త్రీలు మేయరుకు ఉత్తరం రాస్తూ, రుసుము కట్టడానికి సిద్ధమేనని, అయితే ధర నిర్ణయించే అధికారం తమ చేతిలోనే ఉంటుందని తెలియజేశారు. నాకు ఈ మొత్తం కాలంలో బాగా నచ్చిన ఉత్తరం అది.

పర్యవేక్షకులు

చర్చ బాగా సాగుతోంది. నేటి అమెరికా ఎన్నికల గురించి వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. 1900 తర్వాతి సంగతులు విషయానికి అవసరమైనంత మేరకే రాయవలసిందిగా మనవి.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. కోల్యర్ మాట చదివాక ఇంకో సందేహం వచ్చింది. నల్లజాతి ఖైదీని చూపించి తెల్ల కూలివాడిని బెదిరించారంటే, నష్టం ఇద్దరిదీ. మరి కార్మిక సంఘాలు దాన్ని గ్రహించలేదా?

పాతపుటలు

కొన్నిసార్లు బాగా గ్రహించాయి. కొన్నిసార్లు తెలిసి తెలిసి తలుపు మూశాయి. టెన్నెసీలోని బ్రైస్‌విల్‌లో 1891లో గని యజమానులు కార్మికుల తరఫున తూకం చూసే మనిషిని ఒప్పుకోబోమన్నారు. కోల్‌ఫిల్లర్ గారికి దాని ప్రాముఖ్యం చెప్పనక్కర్లేదు. టన్నుకు కూలి అయినప్పుడు కాటా ఎవరి చేతిలో ఉందో వాడిదే రాజ్యం. కార్మికులు ఒప్పుకోకపోతే కంపెనీ ఖైదీలను దించింది. జులైలో దాదాపు 300 మంది గని కార్మికులు ఆయుధాలతో వచ్చి, ఆ ఖైదీలను కాపలాదారులతో సహా రైలెక్కించి నాక్స్‌విల్ పంపించేశారు. ప్రభుత్వం మిలీషియా (రాష్ట్ర సైనిక దళం) కాపలాతో వారిని వెనక్కి తెచ్చింది. అక్టోబరు 31న కార్మికులు ఈసారి ఖైదీలను విడిచిపెట్టి, మామూలు బట్టలిచ్చి పొమ్మన్నారు. మరుసటి ఏడాది దాకా కొట్లాట సాగింది. చివరికి సైనిక ఖర్చు కిరాయి రాబడిని మింగేయడంతో, ఒప్పందం ముగిసిన 1896లో టెన్నెసీ ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, బ్రషీ మౌంటెన్ దగ్గర సొంత జైలు కట్టి, ఖైదీలతో తనే బొగ్గు తవ్వించుకుంది.

న్యూ ఆర్లీన్స్‌లో 1892లో జరిగినది ఇంకా చెప్పుకోదగినది. బండ్లు తోలేవారు, తూకం వేసేవారు, సరుకు కట్టేవారు మూడు సంఘాలుగా కలిసి పది గంటల పనిదినం అడిగారు. వర్తకుల మండలి తూకందార్లతో, కట్టేవారితో ఒప్పందానికి సరేనంది. ఎక్కువగా నల్లజాతివారే ఉన్న బండివాళ్ల సంఘంతో మాత్రం కాదంది. మిగతా రెండు సంఘాలూ ఆ ఎరను ముట్టుకోలేదు. పత్రికలు నల్లజాతివారి దౌర్జన్యం అంటూ వదంతులు రాసినా కట్టు చెదరలేదు. నవంబరు 8 నుంచి 20,000 మందికి పైగా పని మానేశారు. పని గంటలు, అదనపు గంటల కూలి సాధించారు గాని, సంఘం సభ్యులకే పని ఇవ్వాలన్న కోరిక నెరవేరలేదు.

ఇక తలుపు మూసినవారు. 1894లో అమెరికన్ రైల్వే యూనియన్ మహాసభలో నల్లజాతివారిని చేర్చుకోవాలా వద్దా అన్నదానిపై ఓటింగు జరిగితే, అధ్యక్షుడు యూజీన్ డెబ్స్ చేర్చుకోవాలని వాదించినా 112కు 100 ఓట్లతో వద్దనే నిర్ణయం వచ్చింది. కొద్ది రోజులకే ఆ యూనియన్ పుల్‌మన్ కంపెనీ పడక పెట్టెల బహిష్కారం మొదలుపెట్టింది. ఆ పెట్టెల్లో పనిచేసే పోర్టర్లందరూ నల్లజాతివారే.

సందేహి

పన్నెండు ఓట్ల తేడా నాకు ఉపయోగపడే అంకె. అంటే ఫలితం ముందే రాసిపెట్టి లేదు. పైగా ఇక్కడ అడ్డుపడినది యజమాని కాదు, తోటి కార్మికుడు.

మరో సంగతి కూడా పరిగణించాలి. 1900 నాటికి అలబామా బొగ్గు గని కార్మికుల్లో సగానికి పైగా నల్లజాతివారు. వారిలో ఎక్కువమంది ఖైదీలు కారు, పత్తి చేల నుంచి సొంత నిర్ణయంతో వచ్చినవారు. పాలుకు సేద్యం చేసి, కొట్టు అప్పు కింద పంటంతా తనఖా పెట్టుకున్న కుటుంబానికి, వారం తిరిగేసరికి చేతికి కూలి డబ్బు రావడం చిన్న విషయం కాదు. నల్లజాతి విద్యావేత్త, నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ 1895 సెప్టెంబరులో అట్లాంటా ప్రదర్శనలో మాట్లాడుతూ, రాజకీయాల కన్నా పనిలో నైపుణ్యం ముందని చెప్పింది ఈ అనుభవం నుంచే కదా?

సరళాక్షరం

వారు వచ్చిన మాట నిజం, వారికి అది మెరుగైన మాటా నిజం. ఎక్కడి దాకా ఎదగనిచ్చారన్నదే తేలవలసినది. బర్మింగ్‌హామ్ కొలిముల్లో వేడి ఇనుము మోసే పని నల్లజాతివారిది, నైపుణ్యం గల పనులు, అజమాయిషీ తెల్లవారివి. కరోలినాల్లో వేగంగా పెరిగిన నూలు మిల్లులైతే యంత్రాల దగ్గరికి తెల్లవారినే తీసుకున్నాయి. నల్లజాతివారికి ఊడ్చే పని, బేళ్లు మోసే పని దక్కాయి. దక్షిణ కరోలినా 1915లో ఒకే గదిలో ఇరువురూ పనిచేయకూడదని చట్టం చేసింది. అప్పటికి ఆ చట్టం కొత్తగా మార్చిన పరిస్థితి దాదాపు ఏమీ లేదు. మిల్లు ముందే చేసినదాన్ని శాసనసభ తర్వాత రాసింది. సందేహి గారు మొదట చెప్పిన క్రమానికి ఇది తలకిందులు.

వాషింగ్టన్ ప్రసంగం నేను వేరుగా చదువుతాను. పరాయి దేశాల నుంచి కూలీలను తెచ్చుకోవద్దని, సమ్మెలు, తగాదాలు లేకుండా ఇన్నాళ్లు మీ పొలాలు దున్ని, రైలుమార్గాలు వేసిన మమ్మల్నే తీసుకోండని ఆయన తెల్ల యజమానులకు చెప్పాడు. సమ్మె చేయరన్న హామీ ఇచ్చి ఉద్యోగం అడగవలసి వచ్చిందంటే, ఆ మార్కెట్లో ఏ సరుకుకు గిరాకీ ఉందో ఆయనకు బాగా తెలుసు. కోల్యర్‌కూ అదే తెలుసు.

ఇది దక్షిణాది జాడ్యమే కాదు. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ ఉత్తరాది నగరం ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి రాసిన అధ్యయనం 1899లో వెలువడింది. చదువు, చేతిపని ఉన్నవారు కూడా హోటళ్లలో, ఇళ్లలో చాకిరీకే పరిమితం కావడం ఆయన అక్కడ చూశాడు. ఉత్తరాది ఫ్యాక్టరీలకు యూరప్ నుంచి ఓడల్లో దిగే కూలీలు ఉండగా వీరి అవసరం పడలేదు.

ఇల్లెందు కోల్‌ఫిల్లర్

పడమటి వైపు చీనీ కూలీల కథ కూడా ఇలాగే ఉన్నట్టుంది. ఖండాన్ని దాటే రైలుమార్గంలో సియెర్రా కొండలు తొలిచినవారు వారే. 1882లో చట్టం చేసి కొత్త చీనీ కూలీల రాకను ఆపేశారు. 1885 సెప్టెంబరులో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో యూనియన్ పసిఫిక్ బొగ్గు గని దగ్గర తెల్ల కార్మికులు 28 మంది చీనీ కార్మికులను చంపారు. అక్కడ కూడా కంపెనీ వారిని అంతకుముందు సమ్మె విరవడానికి తెచ్చిపెట్టింది.

పాతపుటలు

చివరగా డబ్బు లెక్క చెప్పి నా వంతు ముగిస్తాను. 1898లో అలబామా రాష్ట్ర రాబడిలో దాదాపు 73 శాతం ఖైదీల కిరాయి నుంచే వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. భూస్వాముల మీద, కంపెనీల మీద పన్ను వేయకుండా ప్రభుత్వం నడపడానికి అది దొరికిన దారి. 1896లో డౌ జోన్స్ పారిశ్రామిక సూచీ మొదలైనప్పుడు అందులో ఉన్న 12 కంపెనీల్లో టెన్నెసీ కోల్, ఐరన్ ఒకటి. 1907లో దాన్ని యు.ఎస్. స్టీల్ కొనేసింది. అంటే ఇది ఏ మారుమూల అడవిలోనో జరిగిన వ్యవహారం కాదు, న్యూయార్క్ షేరు మార్కెట్లో రోజూ ధర పలికిన వ్యవహారం.

సందేహి గారి పన్నెండు ఓట్లకు నా దగ్గర జవాబు లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఫలితం ముందే రాసిపెట్టి లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. 1894లో అలబామా బొగ్గు సమ్మెలో నల్లవారు, తెల్లవారు కలిసి నిలబడ్డారు. కంపెనీలు ఖైదీలతోనూ, కొత్తగా తెచ్చిన కూలీలతోనూ గనులు నడిపించగలిగాయి కాబట్టి సమ్మె ఓడింది. ఆ ఖైదీలు లేకపోతే ఏమయ్యేదో టెన్నెసీని చూసి కొంత ఊహించవచ్చు.

సందేహి

మీరు చెప్పిన క్రమంలో రాష్ట్ర ఖజానా పాత్ర నేను అనుకున్న దానికంటే పెద్దది. ఒక్క ప్రశ్న మిగిలింది. అంత లాభదాయకమైతే అలబామా దాన్ని ఎందుకు వదిలింది?

పాతపుటలు

త్వరగా వదల్లేదు. జార్జియా 1908లో ఆపింది. అలబామాలో 1911 ఏప్రిల్‌లో బ్యానర్ గనిలో పేలుడు జరిగి 128 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు నల్లజాతి ఖైదీలు, చాలామంది చిన్న నేరాలకు కొద్ది రోజుల శిక్ష పడినవారు. ఆ తర్వాత కూడా 17 ఏళ్లు పద్ధతి కొనసాగింది. ఈలోగా రోడ్ల కోసం మోటారు వాహనాల యజమానులు ఒత్తిడి తెచ్చారు, ఖైదీలను గనుల నుంచి తీసి రోడ్డు పనికి గొలుసులతో పెట్టడం రాష్ట్రానికే ఎక్కువ ఉపయోగమనిపించింది. పన్నుల రాబడి మార్గాలు కూడా పెరిగాయి. 1928లో అలబామా గనుల కిరాయిని ముగించింది. రోడ్ల మీద గొలుసు ముఠాల పని మాత్రం ఆ తర్వాతా సాగింది.